చెక్క గ్లైడర్‌తో ఎఫ్3ఎల్ పోటీ: మూడు నిమిషాలు రబ్బరువి, మిగతా మూడు మనవి

ఎఫ్3ఎల్ అంటే రేడియోతో నడిపే చెక్క గ్లైడర్ల పోటీ. దాని లెక్క ఇది. రెక్క చివర నుంచి చివరకు 2 మీటర్లు దాటకూడదు. మోడల్ ప్రధానంగా చెక్కతో కట్టినదై ఉండాలి. మోటారు ఉండదు. రెక్క వెనకంచున కదిలే ఎయిలరాన్లూ ఫ్లాపులూ పనికిరావు. తోకను పక్కకు నెట్టే రడ్డర్, ముక్కును పైకీ కిందికీ వంచే ఎలివేటర్, రెక్క పైన లేచి మోడల్‌ను దించే స్పాయిలర్, ఈ మూడింటితోనే నడపాలి. పైకి లేపేది 15 మీటర్ల రబ్బరు, దానికి ముడివేసిన 100 మీటర్ల దారం. 9 నిమిషాల గడువులో 6 నిమిషాలు ఎగిరి, నేల మీద గుర్తు పెట్టిన చోట ముక్కు ఆనేలా దించాలి.

బాగా కట్టిన మోడల్ కదలని గాలిలో సెకనుకు అర మీటరు కంటే కాస్త తక్కువగా దిగుతుంది. రబ్బరు 80 మీటర్ల ఎత్తు ఇచ్చిందనుకుని 0.45తో భాగిస్తే 178 సెకన్లు వస్తుంది. అంటే మూడు నిమిషాలకు రెండు సెకన్లు తక్కువ. ఎంత గొప్పగా లేపినా ఎత్తు ఇచ్చేది అంతే, రెండో సగం పైకి లేచే వెచ్చటి గాలిలో, అంటే థర్మల్‌లో, వెతుక్కోవాలి. బాల్సా పలక కొనే దగ్గర నుంచి దిగే దాకా నేను చేసే ప్రతి పనీ ఆ రెండో మూడు నిమిషాల కోసమే. అందుకే ఈ రాతలో కట్టడం గురించి ఎంత ఉందో, గడువును వాడుకోవడం గురించీ అంతే ఉంటుంది.

ఈ తరగతి పుట్టింది జర్మనీలో. ఖరీదైన కార్బన్ అచ్చు మోడళ్లతో విసిగిన వాళ్లు ఎఫ్3-ఆర్‌ఈఎస్ పేరుతో మొదలుపెడితే, తర్వాత అంతర్జాతీయ వాయు క్రీడల సమాఖ్య ఎఫ్‌ఏఐ దాన్ని ఎఫ్3ఎల్‌గా తన నియమావళిలోకి తీసుకుంది. ఆర్‌ఈఎస్ అంటే రడ్డర్, ఎలివేటర్, స్పాయిలర్. నేను ఎగరేసేది దక్షిణ జర్మనీ మైదానాల్లో కాబట్టి కొన్ని సంగతులు అక్కడి పద్ధతిలో ఉంటాయి. అక్కడ మోడల్ ఎగరేయాలంటే బీమా తప్పనిసరి. 250 గ్రాములు దాటిన మోడల్‌కి ఆపరేటర్‌గా నమోదు చేయించుకుని, ఆ నంబరు మోడల్ మీద అతికించాలి. పోటీ ఉదయం ముందు అడిగేది ఈ కాగితాలే.

చెక్కతో మొదలుపెడదాం. కిట్ కొన్నా, ప్లాన్ తీసుకుని సొంతంగా కోసుకున్నా మొదటి పనిముట్టు వంటింటి డిజిటల్ కాటా. బాల్సా పలకలన్నీ చూడటానికి ఒకలాగే ఉంటాయి, బరువులో మాత్రం రెట్టింపు తేడా ఉంటుంది. 1000 × 100 × 1.5 మి.మీ. పలక ఘనపరిమాణం 150 ఘన సెం.మీ. ఘనమీటరుకు 100 కిలోల సాంద్రత ఉన్న చెక్కయితే అది 15 గ్రాములు తూగాలి. 24 గ్రాములు తూగితే సాంద్రత 160, అది రిబ్బులకు, అంటే రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పలకలకు, బరువెక్కువ. 1 మి.మీ. పలకైతే 10 గ్రాముల దగ్గర ఉండాలి. దుకాణంలో పలకలు తిరగేసి తూచుకుని కొంటే ఎవరూ ఏమీ అనరు, అక్కడ అందరూ చేసే పనే. ప్రతి పలక మీదా బరువు పెన్సిల్‌తో రాసి పెట్టుకుంటాను. తేలికవి తోకకు, రెక్క చివరలకు. కాస్త బరువైనవి మధ్య భాగానికి. కుడి ఎడమ రెక్కలకు ఒకే బరువు జతలు తీయాలి, లేకపోతే చివర్లో ఒక రెక్క కొసన సీసం అతికించాల్సి వస్తుంది.

బరువు ఒక్కటే చూస్తే చాలదు. దుంగను ఏ దిక్కున కోశారన్నదాన్ని బట్టి పలక గుణం మారుతుంది. అడ్డంగా వంచితే తేలిగ్గా గొట్టంలా చుట్టుకునే పలక ముందంచు మీద వంచి అతికించే తొడుగుకు పనికొస్తుంది. చేప పొలుసుల్లా మచ్చలు మెరిసే పలక అడ్డంగా వంగదు, వంచితే పటుక్కున విరుగుతుంది. రిబ్బులకు అదే కావాలి. ఈ రెండూ తారుమారైతే తొడుగు చీలిపోతుంది, రిబ్బులు మెలికపడతాయి.

రెక్కకు ప్రాణం స్పార్, అంటే రెక్క పొడవునా పోయే దూలం. పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ, మధ్యలో బాల్సా అడ్డగోడ. పట్టీలు పైన్ చెక్కవో సన్నని కార్బన్‌వో ఉంటాయి. స్పార్‌కి కార్బన్ వాడటానికి నియమం ఒప్పుకుంటుంది. అడ్డగోడలో చెక్క పోగులు నిలువుగా ఉండాలి, పొడవునా కాదు. రబ్బరు లాగినప్పుడు రెక్క పైకి వంగితే పై పట్టీ నొక్కుకుంటుంది, కింది పట్టీ సాగుతుంది. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి జారకుండా పట్టుకునేది ఈ గోడే. పోగులు అడ్డంగా పెడితే పొడవునా చీలి, పై పట్టీ బయటకు ఉబ్బి, రెక్క ముడుచుకుపోతుంది. మొదటి నాలుగైదు రిబ్బుల మధ్య గోడ మందం 3 మి.మీ. పెట్టి, కొస వైపు 1.5కి తగ్గిస్తాను. రెక్క మొదట్లో పట్టీల చుట్టూ కెవ్లార్ దారం రెండు మూడు చుట్లు వేసి పల్చటి సూపర్ గ్లూ తడిపితే, రెక్కల జోడింపు గొట్టం దగ్గర పగుళ్లు రావు.

ముందంచు నుంచి స్పార్ దాకా పైనా కిందా 1 మి.మీ. బాల్సా తొడుగు మూసేస్తే ఆంగ్ల అక్షరం డి ఆకారంలో పెట్టె తయారవుతుంది. రెక్క మెలిపడకుండా ఆపేది ఈ పెట్టె. మెలిక ఉంటే ఇక్కడ శాశ్వతంగా బిగిసిపోతుంది కాబట్టి, పై తొడుగు అతికించేటప్పుడు రెక్క బల్ల మీద జిగ్‌లోనే (కదలకుండా పట్టే చట్రంలోనే) ఉండాలి. ప్లాన్ మీద పల్చటి ప్లాస్టిక్ షీటు పరిచి దాని మీద కట్టాలి, లేకపోతే రెక్క ప్లాన్‌కి అతుక్కుని వస్తుంది. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు మంచిదే, అయితే అందులో నీళ్లుంటాయి. 1 మి.మీ. పలకకు ఒకవైపే రాస్తే అది అప్పడంలా వంకర్లు తిరుగుతుంది. అందుకే తొడుగుకు చిక్కటి సూపర్ గ్లూ, రిబ్బు-స్పార్ అతుకులకు తెల్ల జిగురు, రెక్కల జోడింపు గొట్టాలకు నిదానంగా ఆరే ఎపాక్సీ వాడతాను. అయిదు నిమిషాల ఎపాక్సీ గొట్టాలకు వద్దు. ఎండలో వేడెక్కిన కారులో ఉంటే అది మెత్తబడుతుంది.

ఎయిలరాన్లు లేని మోడల్ మలుపు తిరగడం రెక్క వంపు మీద ఆధారపడి ఉంటుంది. రడ్డర్ తోకను పక్కకు నెడితే మోడల్ అడ్డం తిరుగుతుంది. ముందుకు వచ్చిన రెక్క కొస పైకి వంగి ఉండటం వల్ల దానికి గాలి ఎక్కువ కోణంలో తగిలి అది లేస్తుంది, అప్పుడే మోడల్ వాలుతుంది. కొసల వంపు ప్లాన్‌లో చెప్పినదానికన్నా తగ్గిస్తే రెక్క తిన్నగా, చూడ్డానికి బాగుంటుంది కానీ థర్మల్‌లో తిరగదు. ఎడమ కుడి వంపు కోణాల్లో తేడా ఉన్నా అంతే, ఒకవైపు చకచకా తిరిగి రెండోవైపు మొరాయిస్తుంది. అతుకు చెక్కలు కోసేటప్పుడే రెండు రెక్కలకూ ఒకే అచ్చు వాడితే ఈ బాధ ఉండదు.

తోక విషయంలో పిసినారితనం చూపాలి. సీజీ (మోడల్ బరువు సమతూకంగా నిలిచే బిందువు) నుంచి తోక 650 మి.మీ. వెనక, ముక్కులో సీసం పెట్టే చోటు 200 మి.మీ. ముందు ఉంటే, తోకలో పెరిగిన ప్రతి గ్రాముకూ ముక్కులో మూడుంపావు గ్రాముల సీసం పెట్టాలి. తోకకు అందమైన రెండో రంగు, మందం జిగురు, కడ్డీ తగిలించే పెద్ద హార్న్ కలిసి 4 గ్రాములు పెరిగితే మొత్తం 17 గ్రాములు పెరిగినట్టు. ఎగరడానికి సిద్ధమైన మోడల్ 430 నుంచి 480 గ్రాముల మధ్య ఉండాలని చూస్తాను. రెక్క వైశాల్యం 36 చదరపు డెసీమీటర్లు ఉంటే 450 గ్రాములకు చదరపు డెసీమీటరుకు 12.5 గ్రాములు పడుతుంది.

తోకగొట్టం కార్బన్‌ది పెట్టుకోవచ్చు. లోపల రెండు పల్చటి నాళాల్లో 1 మి.మీ. కడ్డీలు పంపితే సులువు. సాగని దారం ఒకవైపు లాగి రెండోవైపు స్ప్రింగ్ తిప్పే పద్ధతి ఇంకా తేలిక, కానీ స్ప్రింగ్ బలహీనమైతే వేగంలో ఎలివేటర్ వణుకుతుంది. కడ్డీలు వాడితే నాళాన్ని గొట్టం లోపల ప్రతి 15 సెంటీమీటర్లకూ అతికించి ఆపాలి. ఆపకపోతే సర్వో (రేడియో ఆజ్ఞతో కడ్డీని కదిపే చిన్న యంత్రం) తోసినప్పుడు కడ్డీ మధ్యలో వంగి ఎలివేటర్ కదలదు, లాగినప్పుడు మాత్రం కదులుతుంది. చేత్తో ఎలివేటర్ పట్టుకుని ఊపితే వెనకంచులో అర మి.మీ. మించి ఆట కనిపించకూడదు. సర్వోలు 8 నుంచి 10 గ్రాములవి చాలు, పళ్లు లోహంవి అయితే మంచిది. బ్యాటరీకి నాలుగు ట్రిపుల్-ఏ రీచార్జబుల్ సెల్స్ పెడతాను. వాటి బరువు 50 గ్రాముల దాకా ఉంటుంది, ఎలాగూ ముక్కులో బరువు కావాలి కాబట్టి సీసానికి బదులు ఇదే పనిచేస్తుంది.

కవరింగ్ ఫిల్మ్ దగ్గర ఓపిక కావాలి. మామూలు ఒరాకవర్ చదరపు మీటరుకు దాదాపు 60 గ్రాములు, తేలిక రకం దాదాపు అందులో సగం. పైనా కిందా కలిపి 0.72 చదరపు మీటర్లంటే 20 గ్రాముల తేడా వస్తుంది. తేలిక ఫిల్మ్ ముల్లు గుచ్చుకుంటే చిరుగుతుంది, అయినా రెక్కకు అదే వాడతాను. ముదురు రంగు కింది వైపు ఉండాలి, ఎత్తులో ఆకాశం మీద నీడలా కనిపించేది అదే. పైవైపు లేత రంగో పారదర్శకమో వేయాలి. నల్ల ఫిల్మ్ ఎండకు కాలి లోపలి బాల్సా తొడుగును ముడతలు పడేలా చేస్తుంది. ఇస్త్రీ వేడి అంచులు అతికించేటప్పుడు తక్కువ, బిగించేటప్పుడు ఎక్కువ. ఒకవైపు పూర్తిగా బిగించి తర్వాత రెండోవైపు మొదలుపెడితే రెక్క విల్లులా వంగుతుంది, రెండువైపులా అంచులు అతికించాకే బిగించాలి. బిగించాక వెనక నుంచి చూస్తూ రెండు కొసల వెనకంచులు పోల్చుకోవాలి. రెండూ సమానంగా 1 నుంచి 2 మి.మీ. పైకి ఉంటే మేలు, నిదానంగా తిరిగేటప్పుడు కొస ముందుగా స్టాల్ అవదు, అంటే లేపే బలం పోయి పడిపోదు. ఒకటి పైకి ఒకటి కిందికి ఉంటే ఆ రెక్కను ఇద్దరు పట్టుకుని అవసరమైన దానికన్నా ఎక్కువ మెలిపెట్టి, వేడిచేసి, చల్లారే దాకా వదలకూడదు. వారం తర్వాత మళ్లీ చూడండి, ఫిల్మ్ కొంత వెనక్కి వస్తుంది.

స్పాయిలర్ రెక్క మధ్య భాగం పైన బాల్సా మూతలా ఉంటుంది. మూసినప్పుడు చిన్న అయస్కాంతం పట్టి ఉంచాలి, లేకపోతే పైన ఒత్తిడి తక్కువ కాబట్టి అదే కాస్త లేచి మోడల్ ఎందుకు దిగిపోతోందో అర్థం కాదు. సర్వో చేయి మూతను కింద నుంచి నెట్టేలా పెడితే చాలు. పూర్తిగా తెరిస్తే దాదాపు నిలువుగా నిలబడాలి. తెరిచినప్పుడు ముక్కు పైకి లేస్తుందా కిందికి వాలుతుందా అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. బాగా ఎత్తులో తెరిచి చూసి, వేగం మారకుండా ఉండేలా ట్రాన్స్‌మిటర్‌లో ఎలివేటర్ మిక్స్ పెట్టుకోవాలి, అంటే స్పాయిలర్‌తో పాటు ఎలివేటర్ కూడా దానంతట అదే కదలాలి. సగం తెరిచినప్పుడు కావలసిన మిక్స్, పూర్తిగా తెరిచినప్పటి దానికి సగం ఉండదు. కర్వ్ పెట్టే వీలున్న ట్రాన్స్‌మిటర్ అయితే అయిదు పాయింట్లు వేసుకోండి. రడ్డర్‌ను ఎయిలరాన్ స్టిక్ మీదే పెట్టుకుంటాను, ఈ మోడల్‌లో మలుపు తిప్పేది అదే కాబట్టి. థ్రాటిల్ స్టిక్ స్పాయిలర్‌ది. రడ్డర్ కదలిక రెండువైపులా 30 డిగ్రీలకు తగ్గకూడదు, ఎలివేటర్‌కి 8 మి.మీ. చాలు.

మొదటిసారి ఎగరేసే ముందు సీజీ సగటు రెక్క వెడల్పులో 35 శాతం దగ్గర పెట్టండి. చదునైన గడ్డి మైదానంలో గాలికి ఎదురుగా, ముక్కు కాస్త కిందికి పెట్టి, ఈటె విసిరినట్టు విసరాలి. తిన్నగా 30, 40 మీటర్లు పోతే రబ్బరుకు తీసుకెళ్లవచ్చు. ఎత్తు దొరికాక డైవ్ పరీక్ష చేయాలి. స్టిక్ ముట్టకపోయినా తిన్నగా పోయేలా ట్రిమ్ చేసిన మోడల్‌ను 30 డిగ్రీలు కిందికి వంచి స్టిక్ వదిలేస్తే, అది మెల్లగా, పెద్ద వంపు తీసుకుని పైకి రావాలి. గబుక్కున ముక్కెత్తితే సీసం ఎక్కువైంది. అలాగే పోతున్నా, ఇంకా కిందికి వంగుతున్నా సీజీ వెనక్కి పోయింది. సీసం ఎక్కువైతే విడతకు 3 గ్రాములు తీసి, ఎలివేటర్ ట్రిమ్ మళ్లీ సరిచేసి చూడాలి. చాలామంది సీజీని వెనక్కి నెట్టడమే నేర్పు అనుకుంటారు. సీజీ వెనక్కి జరిగితే థర్మల్ తగిలినప్పుడు తోక లేవడం స్పష్టంగా కనిపిస్తుందన్నది నిజమే. కానీ 300 మీటర్ల దూరంలో మోడల్ చుక్కలా ఉన్నప్పుడు అది తనంతట తాను నిలకడగా పోవాలి. గాలి ఎక్కువున్న రోజు 3 గ్రాములు తిరిగి ముక్కులో పెట్టేస్తాను.

దారం కొసనున్న రింగును తగిలించే కొక్కెం మోడల్ కింద, సీజీకి 8 మి.మీ. ముందు పెట్టి మొదలుపెట్టి, 2 మి.మీ. చొప్పున వెనక్కి జరపాలి. వెనక్కి జరిపేకొద్దీ మోడల్ నిటారుగా ఎక్కుతుంది. హద్దు దాటితే గాలిపటం గింగిరాలు కొట్టినట్టు ఎడమకూ కుడికీ ఊగి నేలకు తగులుతుంది. ఊగడం మొదలైతే రడ్డర్‌తో పోట్లాడకుండా ఎలివేటర్ కిందికి నొక్కాలి. దారం వదులై ఊగుడు ఆగుతుంది, అప్పుడు రడ్డర్ పనిచేస్తుంది.

పోటీలో రబ్బరు నిర్వాహకులే వేస్తారు. సాధనకు సొంతది కావాలి. రబ్బరు కొసన ఇనుప మేకు గాలి వచ్చే వైపు పాతాలి, పైభాగం మోడల్‌కు ఎదురు దిక్కుకు వాలి ఉండాలి. మెత్తటి నేలలో ఒకటి చాలదు, రెండు మేకులు తాడుతో కలిపి పాతాలి. ఊడిన మేకు సాగదీసిన రబ్బరుతో పాటు నేరుగా విసిరేవాడి ముఖం వైపే వస్తుంది. ఈ క్రీడలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం అదే. ఎంత వెనక్కి నడిచామో అడుగుల్లో లెక్కపెట్టకూడదు. చల్లటి ఉదయం రబ్బరు ఒకలా, మధ్యాహ్నం ఎండలో మరొకలా లాగుతుంది. రింగుకు స్ప్రింగ్ కాటా తగిలించి చూసుకోవాలి. నేను 3.5 కిలోల దగ్గర ఆపుతాను. 450 గ్రాముల మోడల్‌కు అది సొంత బరువుకు దాదాపు ఎనిమిది రెట్లు. రింగు దగ్గర చిన్న జెండా గుడ్డ కట్టాలి. వదిలాక దారం నిదానంగా పడుతుంది, గడ్డిలో వెతకడం తేలిక.

విసిరేటప్పుడు రెక్కలు సమంగా, ముక్కు 30 డిగ్రీలు పైకి పెట్టి గట్టిగా వదలాలి. మొదటి సెకనులో ఎలివేటర్ పైకి లాగొద్దు. వేగం అందుకోని రెక్కను లాగితే ఒక కొస స్టాల్ అయి పక్కకు పడిపోతుంది. వేగం వచ్చాక కొద్దిగా లాగితే ఎక్కుతుంది. పైన రబ్బరు సత్తువ అయిపోయి మోడల్ నెమ్మదించినప్పుడు చిన్నగా ముక్కు వంచితే రింగు జారిపోతుంది. అక్కడ గారడీలు చేసి అదనంగా తెచ్చుకునే ఎత్తు తక్కువ. రింగు జారగానే సమంగా, సరైన వేగంలో, వెళ్లదలచిన దిక్కుకు తిరిగి ఉంటే చాలు.

ఇక గడువు సంగతి. 9లో 6 తీసేస్తే మిగిలేవి 3 నిమిషాలు. గడువులో ఎన్నిసార్లయినా లేపవచ్చు, ఆఖరిసారి ఎగిరిందే లెక్కలోకి వస్తుంది. గెలుపు ఓటములు తేలేది ఈ 3 నిమిషాలను ఎలా వాడామన్న దాని మీదే, ఎగరేసే నైపుణ్యం దాని తర్వాతే వస్తుంది. రెండు దారులున్నాయి. హారన్ మోగాక నేల మీదే ఆగి థర్మల్ వచ్చేదాకా చూడటం ఒకటి. వెంటనే లేపి వెతికి, దొరక్కపోతే దిగి మళ్లీ లేపడం రెండోది. రెండో దారిలో సహాయకుడు కీలకం. మోడల్ రింగు వదలగానే అతను పరుగున వెళ్లి రింగు తెచ్చి మొదటి చోట సిద్ధంగా పెట్టాలి. దిగాక మళ్లీ కొక్కేనికి తగిలించి, సాగదీసి విసరడానికి 30 సెకన్లు వేసుకుంటే, మొదటి ఎగురుడు 2 నిమిషాల 20 సెకన్ల దగ్గర పూర్తయిపోవాలి. అప్పుడు 6 నిమిషాల 10 సెకన్లు మిగులుతాయి. అందుకే 1 నిమిషం 45 సెకన్ల దగ్గర సహాయకుడు అడుగుతాడు, ఉంటావా వస్తావా అని. అప్పటికి 30 మీటర్ల ఎత్తులో ఉండి థర్మల్ గట్టిగా దొరకకపోతే వచ్చేయాలి. ‘ఇంకొంచెం చూద్దాం’ అని 3 నిమిషాలు దాటించి, కింద పడ్డాక లేపితే రెండో ఎగురుడుకి 5 నిమిషాలే మిగులుతాయి. ఒకేసారి ఎగరేసే ఏ గుంపులోనైనా అత్యధికం తెచ్చుకున్న వాడికి 1000 పాయింట్లు, మిగతావాళ్లకు ఆ నిష్పత్తిలో. కాబట్టి గుంపులో ఇంకెవరూ 6 నిమిషాలు చేయడం లేదని కనిపిస్తే 5 నిమిషాలు కూడా మంచి లెక్కే. పక్కవాళ్ల వైపు ఒక కన్ను వేయమని సహాయకుడికి చెప్పేది ఇందుకే.

థర్మల్‌ను నేల మీద నుంచే పసిగట్టవచ్చు. 3 మీటర్ల కర్ర కొసన పల్చటి రిబ్బను కట్టి గాలి వచ్చే వైపు పాతుతాను. కాసేపు గాలి ఆగి, వెచ్చగా అనిపించి, తర్వాత రిబ్బను దిక్కు మారితే, పైకి లేచే గాలి ఆ రిబ్బను చూపే వైపు ఉంది. గాలి దాని వైపుకే లాగుకుంటుంది మరి. తర్వాత చల్లటి గాలి గట్టిగా కొడితే అది మనల్ని దాటిపోయినట్టు. గద్దలు రెక్కలాడించకుండా తిరుగుతుంటే అంతకన్నా రుజువు అక్కర్లేదు. వాన కోవెలలు అడ్డదిడ్డంగా ఎగురుతూ పురుగుల్ని పడుతున్నా అక్కడ గాలి లేస్తున్నట్టే, పురుగుల్ని పైకి తెచ్చింది ఆ గాలే. కోసేసిన గోధుమ చేలు, తారు రోడ్లు వేడిని ముందుగా వదులుతాయి, తడి పచ్చిక వదలదు.

గాలిలో మోడల్ చెప్పే గుర్తులు చిన్నవి. తోక లేచి కాస్త వేగం పెరిగితే సూటిగా ముందు ఉంది. ఒక రెక్క లేస్తే థర్మల్ ఆ రెక్క వైపు ఉంది, మోడల్ మాత్రం దానికి దూరంగా తిరగబోతుంది. దాన్ని అటు పోనివ్వకుండా లేచిన రెక్క వైపే తిప్పాలి. ఎత్తు తక్కువగా ఉంటే చుట్టు చిన్నది, వాలు ఎక్కువ. తక్కువ ఎత్తులో థర్మల్ సన్నగా ఉంటుంది కాబట్టి పెద్ద చుట్టు సగం దాని బయటే పడుతుంది. ఎత్తు పెరుగుతోందో తగ్గుతోందో చెప్పే వేరియో లాంటి సమాచార పరికరాలు అనుమతించరు, చూపే ఆధారం.

థర్మల్ దొరికాక అసలు లెక్క దూరంతో. సెకనుకు 4 మీటర్ల గాలిలో రెండు నిమిషాలు చుట్లు తిరిగితే మోడల్ 480 మీటర్లు కొట్టుకుపోతుంది. తిరిగి రావడానికి సెకనుకు 10 మీటర్ల వేగం పెడితే నేల మీద ముందుకు సాగేది 6 మాత్రమే, 80 సెకన్లు పడుతుంది. ఆ వేగంలో సెకనుకు 1 మీటరు దిగినా 80 మీటర్ల ఎత్తు ఖర్చవుతుంది. దారిలో దిగే గాలి తగులుతుంది కనుక దానికి ఇంకో సగం కలుపుకోవాలి. రెండు నిమిషాల్లో అంత ఎత్తు పెరగడం లేదంటే ఆ థర్మల్‌తో వెళ్లకూడదు. బలమైన గాలి రోజున 120 గ్రాముల బల్లాస్ట్ (అదనపు బరువు) సీజీ దగ్గర వేస్తే 450 గ్రాములు 570 అవుతుంది, అదే కోణంలో వేగం ఎనిమిదో వంతు పెరుగుతుంది. బదులుగా రబ్బరు తక్కువ ఎత్తు ఇస్తుంది, దిగే రేటూ పెరుగుతుంది. గాలి సెకనుకు 6 మీటర్ల లోపుంటే నేను వేయను.

దిగడానికి నాలుగున్నర నిమిషాల నుంచే ఆలోచించాలి. చివరి కొన్ని సెకన్లు మిగిలినప్పుడు గుర్తుకు గాలి పోయే వైపున 50 మీటర్ల దూరంలో, పదిహేను మీటర్ల ఎత్తులో ఉండాలనుకుంటాను. అక్కడ నుంచి తిన్నగా గాలికి ఎదురుగా, స్పాయిలర్ సగం తెరిచి రావాలి. సగం తెరిచి ఉంటే రెండువైపులా వీలు మిగులుతుంది. ఎత్తు ఎక్కువైతే ఇంకా తెరవచ్చు, తక్కువైతే మూయవచ్చు. పూర్తిగా మూసి వస్తూ చివర్లో తెరిస్తే గుర్తు దాటిపోతుంది. ఎలివేటర్‌తో ముక్కెత్తి సాగదీయాలని చూస్తే స్టాల్ అయి మీటరు ఎత్తు నుంచి దబ్బున పడుతుంది. సహాయకుడు చివరి 10 సెకన్లు బయటికి లెక్కపెట్టాలి. 6 నిమిషాలు దాటి ఎగరడంలో లాభం లేదు. గడువు హారన్ మోగేటప్పటికి ఇంకా గాలిలో ఉంటే గుర్తు దగ్గర దిగినందుకు ఇచ్చే పాయింట్లు పోతాయి. దూరం ముక్కు నుంచి గుర్తుకు టేపుతో కొలుస్తారు, కొలిచే దాకా మోడల్‌ని తాకకూడదు.

మైదానానికి తీసుకెళ్లే పెట్టెలో పల్చటి, చిక్కటి సూపర్ గ్లూ, పారదర్శక టేపు, 1 మి.మీ. బాల్సా ముక్కలు, కార్బన్ పట్టీ, ఉప్పు కాగితం, ఒక సర్వో, సీసం ముక్కలు, స్ప్రింగ్ కాటా ఉంటాయి. ఎక్కువగా విరిగేది దిగేటప్పుడు తోక దగ్గర, జోడింపు దగ్గర. చీలిన తొడుగును టేపుతో మూసి ఎగరేయవచ్చు, స్పార్ పట్టీ పగిలితే ఆ రోజుకు ఆ రెక్క పక్కన పెట్టాల్సిందే. పైకి కనిపించకపోయినా, కొసలు పట్టుకుని మెల్లగా వంచితే కిర్రుమంటుంది. రౌండ్ల మధ్య రెక్కలు వెండి రంగు సంచిలో, నీడలో ఉండాలి.

ఆంధ్ర, తెలంగాణల్లో ఇలాంటి మోడల్ కట్టి ఎగరేయాలనుకునేవాళ్లకు రెండు మాటలు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 25 కిలోల లోపు, వినోదానికో చదువుకో, కంటికి కనిపించే దూరంలో ఎగరేసేవి మోడల్ విభాగంలోకి వస్తాయి, వాటికి టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 450 గ్రాముల గ్లైడర్ బరువును బట్టి మైక్రో శ్రేణిలో పడుతుంది, వ్యాపారానికి కాకపోతే పైలట్ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. ముందుగా ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో మీ మైదానం గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని చోట) ఉందో లేదో చూసుకోండి. అక్కడ కూడా 400 అడుగులు, అంటే 120 మీటర్లు హద్దు. మంచి థర్మల్ దొరికితే దాన్ని తేలిగ్గా దాటేస్తుంది కాబట్టి స్పాయిలర్ వాడటం మొదటి రోజే అలవాటు చేసుకోవాలి. వరి మడుల మీద థర్మల్ వెతక్కండి, నీళ్లు నిలిచిన నేల వేడెక్కదు. మెట్ట చేలు, బండరాళ్ల గుట్టలు, ఇటుక బట్టీల చుట్టుపక్కల దొరుకుతుంది. వేసవి మధ్యాహ్నం లేచే గాలి ఎంత గట్టిగా ఉంటుందో దాని పక్కన దిగే గాలీ అంతే గట్టిగా ఉంటుంది. ట్రిమ్ పనులకు సూర్యోదయం తర్వాతి గంట, థర్మల్ నేర్చుకోవడానికి ఉదయం తొమ్మిది నుంచి పదకొండు మధ్య సమయం అనువుగా ఉంటాయి.